సర్వర్ జాబితాలో అత్తయ్య

ఆసుపత్రి పెద్ద తలుపులు తెరవకముందే రక్తపరీక్షల కౌంటరు ముందు బెంచీలు నిండిపోయేవి. పరగడుపున రమ్మంటారు కాబట్టి వచ్చినవాళ్ళందరూ ఆకలి మీద ఉండేవాళ్ళు. ఆకలి మీదున్న మనిషికి ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? ఆ విసుగుల మధ్యలోంచే చేతిసంచీ, గొడుగు, డబ్బా పట్టుకుని అత్తయ్య నడిచి వచ్చేది. అద్దాల కిటికీ వెనక కూర్చుని, కంప్యూటరు మీట నొక్కి, అది మేలుకునేలోపు బెంచీల వంక ఒకసారి కలయజూసేది. ఎవరికి షుగరు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరు నిన్న వచ్చి ఉత్తచేతులతో వెనక్కి వెళ్ళారు, అన్నీ ఆ చూపులోనే తేలిపోయేవి.

ఆమె అక్కడ ఎవరికీ సొంత అత్తయ్య కాదు. డాక్టర్లు, నర్సులు, లిఫ్టు నడిపేవాడు, ఆమెకంటే వయసులో పెద్దయిన వాచ్‌మన్ కూడా అత్తయ్యా అనే పిలిచేవాళ్ళు. మొగుడు దర్జీ. మోకాళ్ళు పట్టేసి, ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టేవాడు. "దానికి పెళ్ళయింది ఆ కౌంటరుతో, నన్ను ఊరికే తోడు పెట్టుకుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

కౌంటరు పక్కన మెట్లు దిగితే నేలమాళిగలో యంత్రాల గది. అక్కడ చలి, హోరు, గోడ పొడుగునా వేలాడే వైర్లు. ఆసుపత్రిలో లైనక్సు మీద నడిచే కంప్యూటరు యంత్రాలన్నీ చూసుకునే ఆవిడ ఆ గదిలోనే ఉండేది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. అందరికీ వైర్లమ్మ. యాభై దాటింది. ఎప్పుడో యూనియన్ రోజుల్లో గేటు ముందు నిలబడి నినాదాలిచ్చినందుకు ఉద్యోగం పీకేస్తే, కోర్టు చుట్టూ తిరిగి మళ్ళీ అదే గేటులోంచి లోపలికి వచ్చిన మనిషి.

అంతా అలా నడుస్తుండగా ఒకరోజు బస్సు డ్రైవరు సంగతి జరిగింది. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి, రెండో అంతస్తు వార్డులో ఉన్నాడు. అతని రక్తంలో పొటాషియం ప్రమాదంగా పెరిగిందని చెప్పే రిపోర్టు పైకి వెళ్ళాల్సిన వేళకు వెళ్ళలేదు. గుండె ఆగింది. డాక్టర్లు ఛాతీ మీద గుద్ది గుద్ది వెనక్కి తెచ్చారు. ప్రాణం దక్కింది గానీ మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు. అతని అన్నదమ్ములు వచ్చి వరండాలో బైఠాయించారు. పేపర్లో పడింది. పేపర్లో పడ్డాక ఎవరో ఒకరి మెడ కావాలి. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళ మెడలు అంత సులువుగా దొరకవు. కిటికీ వెనక కూర్చున్నవాళ్ళవి దొరుకుతాయి.

సూపరింటెండెంటు వైర్లమ్మను పిలిపించాడు.

"మన యంత్రాలన్నిటి మీదా కన్నేసి ఉంచే ఏర్పాటొకటి పెట్టండి. ఏది ఎంత పనిచేస్తోందో తెర మీద కనపడాలి. వచ్చే వారం పై ఆఫీసు నుంచి విచారణకు వస్తున్నారు. యంత్రాలు బాగున్నాయని రుజువైతే తప్పెవరిదో తేలిపోతుంది."

"బాగోలేవని తేలితే, సార్?"

"అలా తేలదు."

వైర్లమ్మ ఆయన ముఖంలోకి చూసింది. రిపోర్టులు దాచే యంత్రంలో డిస్కులు ముసలివైపోయాయని, మార్చకపోతే ఏదో ఒకరోజు పీకల మీదకు వస్తుందని ఆమె ఈయనకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఆయన చెవిన పెట్టలేదు. ముఖద్వారం దగ్గర పాలరాతి ఫౌంటెన్ కట్టించాడు. దాంట్లో నీళ్ళు కూడా సరిగ్గా ఎగరవు.

"పెడతాను సార్. కాకపోతే కన్ను వేశాక అది మీరు చూడమన్నదే చూడదు. అన్నీ చూస్తుంది" అని వచ్చేసింది.

ఆ ఏర్పాటు బ్రహ్మవిద్యేమీ కాదు. గమనించాల్సిన ప్రతి యంత్రంలోనూ క్లయింటు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టాలి. అది కాసేపటికోసారి లేచి, యంత్రం నాడి పట్టుకుని చూస్తుంది. ప్రాసెసరు మీద బరువెంత, జ్ఞాపకం ఎంత నిండింది, డిస్కు ఎంత సతమతమవుతోంది, అన్నీ చూసి ఆ అంకెల్ని ఒకే చోటుకి పంపుతుంది. ఆ చోటు సర్వర్. సర్వర్ వాటిని దాచి, తెర మీద గీతలుగా గీస్తుంది.

వైర్లమ్మ ముందు అన్ని యంత్రాల గడియారాలూ ఒకదానితో ఒకటి కలిపింది. గడియారాలు కలవకపోతే దెబ్బ కంటే ముందు ఏడుపు వినపడినట్టుంటుంది గీత. తర్వాత ఒక్కో యంత్రం దగ్గరకీ వెళ్ళి క్లయింటు పెట్టింది, సర్వర్ చిరునామా రాసింది, అంకెలు బయటికి పోవడానికి దారి తెరిచింది. ఎక్స్‌రే గదిది, మందుల దుకాణానిది, రక్తపరీక్షలది, రిపోర్టులు దాచేది. అంతా అయ్యాక సర్వర్ ముందు కూర్చుని, ఎవరెవరు పలుకుతున్నారో చూద్దామని జాబితా తెరిచింది.

యంత్రాలన్నీ పలికాయి. వాటి కింద, ఆమె ఎక్కడా పెట్టని పేరు ఇంకొకటి ఉంది.

అత్తయ్య.

పక్కన అందరిలాగే అంకెలు. జ్ఞాపకం అంచుదాకా నిండి ఉంది. బరువు అన్ని యంత్రాలకంటే ఎక్కువ. చివరిసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టింది ఎప్పుడు అన్న గడిలో 'ఎన్నడూ లేదు' అని ఉంది.

వైర్లమ్మ టీ ఒక గుక్క తాగి, మెట్లెక్కి కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, మీరు జాబితాలోకి వచ్చారు."

"ఏ జాబితా అమ్మాయ్? పీకేసేవాళ్ళదా?"

"కాదు, సర్వర్‌ది. మీ గీత కూడా వస్తోంది."

"ఓ, అదా. రానీలే. ఇన్నేళ్ళు ఈ తీగల పక్కనే కూర్చున్నా, అంటుకోదూ?" అని అత్తయ్య కిటికీలోంచి చెయ్యి చాచి ఒక తాత దగ్గర చీటీ అందుకుంది. "అయ్యా, మీరు పొద్దున్నే టీ తాగేసి వచ్చారు కదూ? నా దగ్గర దాస్తే దాగుతుందా? రేపు రండి."

వార్త మధ్యాహ్నానికల్లా అన్ని అంతస్తులకూ పాకింది. ఎవరూ వింతపడలేదు. వాచ్‌మన్ మాత్రం కిందికి దిగి వచ్చి, "నాది కూడా వచ్చిందేమో చూడమ్మా" అని అడిగాడు. రాలేదంటే కాస్త చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

తీరిక దొరికినప్పుడు అత్తయ్య కూడా వచ్చి తన గీత చూసుకుంది.

"ఇక్కడెందుకమ్మాయ్ అంత పైకి లేచింది?"

"మీరే చెప్పాలి. ఇందాక ఏం చేశారు?"

"ఇందాకా? ఏమీ లేదే. ఒక పిల్లకి సూదంటే భయమంటే చెయ్యి పట్టుకున్నా. అంతే."

గీత మధ్యలో కొంతమేర వేరే రంగు ఉంది. ఆ రంగు ఎదురుచూపుది. ప్రాసెసరు తన పని తాను చేయడానికి సిద్ధంగా ఉంటుంది. కావలసింది డిస్కు ఇవ్వాలి. డిస్కు ఇవ్వదు. ప్రాసెసరు నిలబడి చూస్తూ ఉంటుంది. అది ఖాళీగా ఉండటం కాదు. పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్ళ కోసం కొళాయి దగ్గర నిలబడ్డ మనిషిని ఖాళీగా ఉందని ఎవరైనా అంటారా? అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళే పై ఆఫీసుకు నివేదికలు రాస్తారు. రిపోర్టులు దాచే యంత్రం గీతలోనూ, అత్తయ్య గీతలోనూ ఎదురుచూపు రంగు ఒకేసారి లేచి ఒకేసారి దిగుతోంది. అది ఆగితే ఈమె ఆగుతోంది. ఆగినంతసేపూ బెంచీల మీది తిట్లు ఈమె తింటోంది.

"ఆ డ్రైవరు రిపోర్టు రోజున కూడా ఇదే జరిగింది కదా. కిందికి ఫోన్ చేశారు, డిస్కు మొరాయిస్తోందని నేనే చెప్పాను. తర్వాత చాలాసేపు మీరు కౌంటర్లో లేరట. ఎక్కడికెళ్ళారు?" అంది వైర్లమ్మ.

అత్తయ్య చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "లేను. లేనని ఒప్పుకుంటా."

"ఎక్కడికెళ్ళారో చెప్పకపోతే విధులు వదిలేసి పోయిందని రాస్తారు. ఇంటికి పంపేస్తారు."

"చెబితే ఇంకో ఆడపిల్ల మెడకు చుట్టుకుంటుంది. నాకైతే ఇంకెంతకాలం లే. దానికి బతుకంతా ముందుంది."

"మీ మందులు, మావయ్యగారి మోకాళ్ళు, అద్దె, అవన్నీ ఎవరు చూస్తారు?"

"బొత్తాలు కుట్టుకుంటాం ఇద్దరం" అని నవ్వి, పైన ఎవరో గట్టిగా అరుస్తుంటే లేచి వెళ్ళిపోయింది. తెర మీద ఆమె జ్ఞాపకం ఇంకాస్త నిండింది.

ఆ సాయంత్రం ఇంట్లో వైర్లమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. ఆమె, పెళ్ళి చేసుకోని అక్క, ఇద్దరే ఉంటారు. అక్క కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరయింది. ఎవరు ఎక్కడ వంకర కుట్టు వేసినా చూడకుండానే చెప్పగలదు.

"మళ్ళీ ఎవరితో పెట్టుకుంటున్నావే?"

"ఎవరితోనూ లేదక్కా."

"నీ దవడ చూస్తే తెలియట్లా? పోయినసారి ఇలాగే పళ్ళు బిగించుకుని కూర్చున్నావు, మర్నాడు ఉద్యోగం ఊడింది. మూడేళ్ళు నా జీతం తిన్నావు."

"ఇప్పుడు నీకు జీతం కూడా లేదు."

"పెన్షనుంది. ఉన్నదాంతోనే సర్దుకుని తిందాం." అక్క ఆమె కంచంలో ఇంకాస్త వడ్డించింది. "ఇంతకీ నీ పక్షాన న్యాయం ఉందా?"

"ఉంది."

"మరి తిను. ఖాళీ కడుపుతో పోట్లాడితే గొంతు వణుకుతుంది."

విచారణ ముందురోజు సూపరింటెండెంటు యంత్రాల గదికి దిగి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అదే మొదలు. చలికి చేతులు రుద్దుకుంటూ తెర వంక చూశాడు.

"ఈ కింద గీత ఎవరిది?"

"అత్తయ్యది."

"మనిషిని సర్వర్లో ఎక్కించడానికి మీకు ఎవరు అనుమతిచ్చారు?"

"నేను ఎక్కించలేదు సార్. ఆవిడే వచ్చింది."

"వస్తే వచ్చింది. తీసేయండి. రేపు కమిటీ ముందు యంత్రాలే కనపడాలి. ఇంకొకటి, ఈ ఎదురుచూపు రంగొకటి ఎందుకు వేరేగా? ఖాళీలో కలిపేయండి. ఎదురుచూస్తోందంటే పనిచేయట్లేదనేగా?"

"కాదు. ఖాళీ వేరు, ఎదురుచూపు వేరు. కలపను. ఆ గీతా తీయను."

"తీయనంటే?"

"తీయనంటే తీయననే. మీరు మళ్ళీ అడిగినా ఇదే."

ఆయన ముఖం ఎర్రబడింది. "రేపు ఆమెతోపాటు మీ ఉద్యోగం కూడా పోవచ్చు. ఆలోచించుకోండి."

"నా ఉద్యోగం ఒకసారి పోయింది సార్. పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీకే తెలియదు."

ఆయన విసవిసా మెట్లెక్కి పోయాడు. వైర్లమ్మ తెర ముందు కూర్చుంది. యంత్రాలకు ఆమె అంతకుముందే ఒక నియమం రాసి పెట్టింది. ఏ యంత్రం మీదైనా బరువు హద్దు దాటి అలాగే ఉండిపోతే, సర్వర్ ఆ బరువును తీసి, అదే జాతిలో అందరికంటే ఖాళీగా ఉన్నదాని మీద వేస్తుంది. లేకపోతే యంత్రం కాలిపోతుంది. ప్రతి పేరు పక్కనా హద్దు ఉంది. అత్తయ్య పేరు పక్కన మాత్రం ఆ గడి ఖాళీ. మనిషికి హద్దేమిటని వైర్లమ్మే వదిలేసింది.

ఇప్పుడు ఆ ఖాళీ గడి చూస్తే ఆమెకు సిగ్గేసింది. ఇనుప డబ్బాలకు కాలిపోతాయని హద్దు పెట్టాం. చలిగదులు కట్టి దుమ్ము పడకుండా కాచుకుంటున్నాం. ఇన్నేళ్ళు మనుషుల ఆకలి కోపాన్ని ముఖం మీద కాసిన మనిషికి ఆపాటి హద్దు ఉండకూడదా? యంత్రాలన్నిటికీ ఉన్న హద్దే ఆ గడిలో రాసి, భద్రపరిచి, లైటు ఆపి ఇంటికెళ్ళింది.

మర్నాడు సూపరింటెండెంటు గదిలోనే విచారణ. పై ఆఫీసు నుంచి నెరిసిన జుట్టు పెద్దావిడ, ఆమెకు అటూ ఇటూ ఇద్దరు గుమాస్తాలు. వాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. సూపరింటెండెంటుకి తన కుర్చీ ఉండనే ఉంది. ఇంక కుర్చీల్లేవు. అత్తయ్య బల్లకి ఇవతల నిలబడింది. వైర్లమ్మ గోడకానుకుని, తెర మీద సర్వర్ తెరిచింది.

సూపరింటెండెంటు లేచి గీతలు చూపించాడు. "చూడండి మేడమ్. రిపోర్టుల యంత్రం. ఎక్కువ భాగం ఖాళీయే. అంటే యంత్రం తప్పు లేదు."

"ఆయన ఖాళీ అంటున్నది ఎదురుచూపు మేడమ్. డిస్కు అందివ్వక..." అంది వైర్లమ్మ.

"మిమ్మల్ని అడిగినప్పుడు చెప్పండి" అన్నాడు ఒక గుమాస్తా.

"అడిగేదాకా ఆగితే ఈ లోపు మీరు రాసేస్తారు. రాసినదాన్ని మళ్ళీ ఎవరు చింపుతారు?"

పెద్దావిడ చెయ్యెత్తింది. "చెబుదురుగాని ఆగండమ్మా. ముందు ఈవిడ చెప్పాలి. ఏమ్మా, ఆ రోజు రిపోర్టు ఆలస్యమైన సమయంలో మీరు కౌంటరు వదిలి ఎక్కడికెళ్ళారు?"

అత్తయ్య నోరు తెరిచింది. ఎంత మొండి మనిషికైనా బదులు చెప్పగల నోరు. మాట రాలేదు. రెండు చేతులూ కొంగును పిండుతున్నాయి.

"అడిగినదానికి చెప్పండి" అన్నాడు సూపరింటెండెంటు. "ఒక మనిషి చావు అంచుదాకా వెళ్ళాడు. అతని పెళ్ళాంబిడ్డలు ఏమైపోయేవాళ్ళు? మీకు మనసనేది ఉందా?"

తెర మీద అత్తయ్య గీత లేవడం మొదలుపెట్టింది. హద్దు తాకింది. దాటింది. దాటి అక్కడే నిలబడింది. సర్వర్ తన పని తాను చేసుకుపోయింది. అదే జాతిలో అందరికంటే ఖాళీగా ఎవరున్నారో వెతికింది. జాబితాలో అత్తయ్య కింద కొత్త పేరొకటి పడింది.

సూపరింటెండెంటు.

పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని చదివింది. "మీరూ ఉన్నారే ఇందులో. బరువు... దాదాపు ఏమీ లేదు."

ఆయన ఏదో అనబోయి బల్ల పట్టుకున్నాడు. భుజాలు కుంగాయి. మడమలు, నడుము, కళ్ళ వెనక నరాలు, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి ఆయనకు. తలలోకి పేర్లు పోటెత్తాయి. వందల పేర్లు, వాళ్ళ రోగాలు, వాళ్ళ పిల్లలు.

"మూడో బెంచీ మీదావిడకి కళ్ళు తిరుగుతున్నాయి, ముందు పిలవండి" అన్నాడు ఎవరితోనో. తర్వాత పెద్దావిడ వైపు తిరిగాడు. గొంతు ఆయనదే గానీ మాటతీరు అత్తయ్యది. "అడిగారు కదమ్మా. చెబుతా. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది. నేను నొక్కుతూనే ఉన్నా. కిందికి ఫోన్ చేస్తే డిస్కు మొరాయిస్తోందంది వైర్లమ్మ. ఇక లాభం లేదని ల్యాబ్‌లోకి పోయి నోటితోనే అడిగా. వాళ్ళు చెప్పిన అంకె మరీ ఎక్కువ. చీటీ మీద రాసుకుని, లిఫ్టు పైనెక్కడో ఉంటే మెట్లెక్కి పరిగెత్తా."

అత్తయ్య తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దన్నట్టు.

"వార్డులో నర్సు పిల్ల ఉంది. కొత్త పిల్ల. చీటీ చూసి ఏడ్చింది. 'కంప్యూటర్లోంచి రాని అంకె తీసుకుంటే ఉద్యోగం తీసేస్తారత్తయ్యా, ఆర్డరుంది' అంది. డాక్టర్ల గదులన్నీ తిరిగా. ఒకరు ఆపరేషన్లో, ఒకరు మీటింగులో. మళ్ళీ వార్డుకి వచ్చేసరికి గుండె ఆగింది. ఆ పిల్లది తప్పు కాదమ్మా. ఆర్డరు అలా ఉంది. కంప్యూటర్లోంచి వస్తేనే తీసుకోవాలని, ఎవరి మాటా వినొద్దని, గోడకి అంటించి ఉంది. దాని కింద సంతకం..."

ఆయన తన చేతివేళ్ళ వంక చూసుకున్నాడు.

"సంతకం నాది" అన్నాడు.

పెద్దావిడ కలం కిందపెట్టింది. గుమాస్తా వైపు తిరిగి, "ఈవిడ మీద రాసిందంతా కొట్టేయండి. ఆ నర్సు పేరు అసలు రాయొద్దు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి" అంది. తర్వాత వైర్లమ్మతో, "ఇప్పుడు చెప్పండమ్మా, ఆ ఎదురుచూపు సంగతి" అంది.

వైర్లమ్మ గొంతు వణక్కుండా అంతా చెప్పింది. డిస్కులు, మొత్తుకోళ్ళు, ఫౌంటెన్, ఏదీ వదల్లేదు. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు. చెప్పడం అయ్యాక సూపరింటెండెంటు ఆమె దగ్గరికి వచ్చాడు. అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉందాయనకు.

"ఈ బరువు నా మీద నుంచి ఎప్పుడు దిగుతుంది?"

"ఆవిడది తగ్గితే మీది తగ్గుతుంది."

"ఆ నియమమేదో తీసేయొచ్చుగా."

"తీయను."

"మరి?"

"కొత్త డిస్కులకు రాసివ్వండి. కౌంటర్లో రెండో మనిషికి రాసివ్వండి. గోడ మీది ఆర్డరు రద్దు చేయండి. అప్పటిదాకా ఇద్దరూ పంచుకోవాల్సిందే."

ఆయన కాగితాలు లాక్కున్నాడు. కూర్చుని రాద్దామని వెనక్కి తిరిగితే ఆయన కుర్చీలో అత్తయ్య ఉంది. ఎప్పుడు కూర్చుందో ఎవరూ చూడలేదు. తల ఓ పక్కకి వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది, గట్టిగా గురక పెడుతోంది. తెర మీద ఆమె గీత మెల్లగా కిందికి దిగుతోంది.

ఆయన ఒక్క క్షణం చూశాడు. లేపలేదు. బల్ల మీదికి వంగి, నిలబడే సంతకాలు పెట్టాడు.